ఉగాది తలంటులో చెరిగిన గీతలు

నర్సు ట్రైనింగు ముగించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ అడిగేది ఒకటే. "ఇన్నేళ్ళు చేశారు కదమ్మా, ఎప్పుడైనా విసుగు పుట్టిందా?" అని. ఎప్పుడైనా ఏమిటి నా తల్లీ, రోజూ పుట్టేది. పొద్దున్నే తెల్లచీర కుచ్చిళ్ళు పోసుకునేటప్పుడే పుట్టేది. అయినా వెళ్ళేదాన్ని. జీతం కోసం కొంత, ఇంట్లో కూర్చుంటే అంతకంటే విసుగు కాబట్టి కొంత.

మీకు చెప్పదగిన ఘనకార్యాలు నా దగ్గర పెద్దగా లేవు. కాన్పులు చేశాను, కట్లు కట్టాను, డాక్టర్ల చేత తిట్లు తిన్నాను, ఆ తిట్లు తీసుకెళ్ళి రోగుల మీద పోశాను. నా నోటికి పెనుకొండ తాలూకా అంతా జడుసుకునేదని చెప్పుకునేవారు. అందులో సగమే నిజం. ఇవాళ చెప్పబోయేది ఆ నోరు పారేసుకున్న ఒక రోజు గురించి, ఆ రోజు నా ఎదుట బల్లమీద కూర్చున్న ఒక చిన్నవయసు ఇల్లాలి గురించి.

అరవైల మొదట్లో నేను పెనుకొండ సర్కారు ఆసుపత్రిలో ఉన్నాను. మా లేడీ డాక్టరు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి. ఈ ఎండలకూ ఈ నీళ్ళకూ అలవాటు పడలేక బదిలీ కోసం ఎదురుచూస్తూ ఉండేది. మాట తక్కువ. రోగిని చూశాక ఆమె చేతులు కడుక్కునే తీరును బట్టి నాకు సంగతి అర్థమైపోయేది. గబగబా కడుక్కుంటే భయం లేనట్టు. సబ్బు మళ్ళీ మళ్ళీ రుద్దుకుంటూ నిలబడిపోయిందంటే మాత్రం బయట బెంచీ మీదున్న వాళ్ళను లోపలికి పిలవాల్సి వచ్చేది.

ఆ రోజు ఆమె చాలాసేపు కడుక్కుంది.

వచ్చింది రామగిరి వైపు పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి కోడలు. ఇరవై రెండో మూడో ఉంటాయి. చంకలో పాలు తాగే ఆడబిడ్డ. ఎడమ రొమ్ములో గడ్డ. వేరుశనగ విత్తనం వేసేనాటికి మొదలైతే కాయలు పీకేదాకా ఇంట్లో వైద్యం చేసుకున్నారు. పాలు గడ్డకట్టాయని అనుకున్నారు. తప్పేముంది, బాలింతల ఇళ్ళలో సాధారణంగా జరిగేదే. వేడి గుడ్డతో కాపడం పెట్టారు, సున్నమూ పసుపూ పట్టించారు, పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టారు. గడ్డ పోలేదు. నేను చూసేనాటికి పైచర్మం కూడా లోపలికి లాక్కుని ఉంది.

ఆమెతో మొగుడూ అత్తా వచ్చారు. మొగుడు నోట్లో నాలుక లేని మనిషి, తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. అత్తది మడకశిర పక్క, పుట్టింట్లో కన్నడం మాట్లాడే వాళ్ళట. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. లేడీ డాక్టరు ఇది రాచపుండు అనీ, బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రొమ్ము తీయించాలనీ, ఆ తర్వాత కరెంటు పెట్టించాలనీ చెప్పింది. రేడియేషన్ని అప్పట్లో అందరం కరెంటు అనే అనేవాళ్ళం.

అత్త నమ్మలేదు. "రాచపుండంటే రాజులకు రావాల గానీ, సద్దన్నం తినేటోళ్ళకు యాడిదమ్మా?" అంది.

కోడలు మాత్రం రవిక హుక్కులు పెట్టుకుంటూ మెల్లగా అడిగింది. "కోయిచ్చుకుంటే ఎన్నాళ్ళు బతుకుతానక్కా?"

ఇట్లాంటి ప్రశ్నలకు డాక్టర్లు కిటికీలోకి చూస్తారు, జవాబు చెప్పే పని మాకు వదిలేస్తారు. "అది మన చేతిలో ఉందా?" అన్నాను.

"శానా కాలం అడగలే నేను. నా బిడ్డకు నా మొగం తెలిసేదాకా. దానికి ఇప్పుడు నేను పోతే అమ్మంటే ఎవురో తెలీదు. నేనుంటినని దానికి గ్యాపకముండాల. అంత మటుకు సాలు" అంది.

ఆ మాట ఆమె అడుక్కుంటున్నట్టు అనలేదు. సంతలో వస్తువు ధర చెప్పినట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయించేటప్పుడు కూడా ఆమె వేలు అవసరానికి మించి గట్టిగా నొక్కాను.

బెంగుళూరులో ఆపరేషన్ అయింది. అప్పటి ఆపరేషన్లు మీరు చూసి ఉండరు. రొమ్ముతో పాటు కింది కండ, చంకలోని గడ్డలు, అన్నీ తీసేవారు. పక్కటెముకల మీద చర్మం తప్ప ఏమీ మిగిలేది కాదు. కట్లు మార్చడానికి ఆమె మా దగ్గరికి వచ్చేది. చెయ్యి బిగుసుకుపోకుండా గోడకు వేళ్ళు ఆనించి పైకి పాకించమని నేర్పించాను. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా గోడను వదిలేది కాదు. ఒక్కటి మాత్రం చేసేది కాదు, కట్టు విప్పినప్పుడు కిందికి చూసేది కాదు. ఇంట్లో కూడా తలుపు వేసుకుని ఒంటరిగా నీళ్ళు పోసుకునేదట. మొగుడికి చూపించలేదు, అత్తకు చూపించలేదు. వాళ్ళూ అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నారు.

గాయం మానాక కరెంటు మొదలైంది. మొగుడు ఆమెను వెంటబెట్టుకుని బెంగుళూరు వెళ్ళి సత్రంలో గది తీసుకున్నాడు. ఇంటి దగ్గర బిడ్డను అత్త చూసుకునేది, మేకపాలు పట్టి పెంచింది.

ఆ వైద్యంలో ఒక పద్ధతి ఉంది. కరెంటు ఎక్కడినుంచి ఎక్కడిదాకా తగలాలో కొలిచి, ఛాతీ మీద ఊదారంగు మందుతో గీతలు గీస్తారు. వైద్యం ముగిసేదాకా ఆ గీతలు పోకూడదు. అక్కడ నీళ్ళు పడకూడదు, నూనె తగలకూడదు, పౌడరు అద్దకూడదు. గీత తప్పితే కరెంటు గుండెకో ఊపిరితిత్తికో తగులుతుంది. బెంగుళూరు డాక్టరు ఈ సంగతంతా మొగుడికి విడమరచి చెప్పాడు. మొగుడు బుద్ధిగా విన్నాడు.

మధ్యలో ఉగాది వచ్చింది. పండక్కి కరెంటు గది మూశారు. బిడ్డను చూసి నెల దాటిందని ఆమె రైలెక్కి ఊరికి వచ్చింది. తిరిగి వెళ్ళేముందు పెనుకొండలో నన్ను కలిసి పొమ్మని లేడీ డాక్టరు చెప్పి పంపింది, చర్మం కమిలిందేమో చూడాలని.

పండగ మర్నాడు వాళ్ళు ముగ్గురూ బిడ్డను తీసుకుని వచ్చారు. ఆమెను లోపలికి తీసుకెళ్ళి పైట తీయమన్నాను. సీకాయ వాసన గుప్పుమంది. ఒళ్ళంతా ఆముదం నిగనిగలాడుతోంది. ఛాతీ మీద ఒక్క గీత లేదు.

నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టాను. "ఏమ్మా, గీతలు యాడ పోయినాయి? పండగని ముగ్గులు చెరిపి కొత్తవేస్తిరా? నీకేమన్నా బుద్ధుండాదా?" ఆ ఊళ్ళో ఉండి ఉండి కోపంలో నాకూ ఆ యాసే వచ్చేసేది. నా కేకలకు అత్త తెర తొలగించి లోపలికి వచ్చింది.

"దాన్నేమనొద్దమ్మా. నేనే పోసినా తలంటు. ఉగాది పూట ఇంట్లో కోడల్ని నూనె పెట్టకుండా ఎట్ల ఇడిసేది? ఆడ ఊదాగా ఏందో మరకలుంటే, ఆసుపత్రోళ్ళ సిరా అంటుకునిందేమో అని సున్నిపిండి పెట్టి బాగా రుద్దినా. అవి పోకూడదని నాకెవురు సెప్పినారు?"

నేను బయటికి వచ్చి మొగుడి మీద పడ్డాను. "నీకు చెప్పారు కదయ్యా. మీ అమ్మకు చెప్పలేదా?"

అతను తలగుడ్డ విప్పి నేల చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "యేమని సెప్పేదమ్మా? మాయమ్మతో..." అని ఆగిపోయాడు.

ఆ ఇళ్ళలో కొడుకు తల్లితో పెళ్ళాం ఛాతీ సంగతి ఎత్తడు. ప్రాణం పోయినా ఎత్తడు. బెంగుళూరులో చదువుకున్న ఆ డాక్టరుకు అది తట్టలేదు. నాకు తట్టి ఉండాల్సింది అని మీరనవచ్చు. మగవాడికి చెప్పిన మాట ఇంటిల్లిపాదికీ చెప్పినట్టేనని మేమందరం అనుకునే రోజులవి.

మళ్ళీ లోపలికి వచ్చి ఆమెనే అడిగాను. గొంతు కొంచెం తగ్గించాననే అనుకుంటున్నాను. "నీకు తెలుసు కదమ్మా. మీ అత్త రుద్దుతుంటే వద్దని ఎందుకు చెప్పలేదు?"

ఆమె బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. "సెప్దామనే అనుకుంటి. నేనే తలుపేసుకొని పోసుకుంటానంటే అత్త ఇనలే, లోపలికొచ్చేసింది. సూస్తే బెదురుకుంటాదనుకుంటి. బెదురుకోలే. చేతినిండా నూనె తీసుకొని ఆ కోసినకాడ పెట్టి మెల్లంగ రుద్దె. ఇంతవరకూ ఆడ ఎవురూ చెయ్యి పెట్టలేదక్కా. ఆసుపత్రోళ్ళు తప్పిస్తే. నేను గూడా పెట్టలే. ఆ చెయ్యి తీయమని ఎట్ల సెప్పేది?"

అత్త చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. నర్సుగా నేను ఎన్ని గాయాలు తుడిచానో లెక్కలేదు, అవన్నీ గాజుగుడ్డ పట్టుకుని, పట్టకారు పట్టుకుని తుడిచినవే. వట్టి చేత్తో ఎవరినీ తాకలేదు. తాకకూడదని నేర్పారు, అదే సరైన పద్ధతి కూడా. అయినా ఆ రోజు నాకు సిగ్గుగా అనిపించింది.

అంతలో ఆమే అంది. "ఇంక నేను బెంగుళూరికి పోనక్కా. గీతలు పోయె, మంచిదే ఆయె. గొంతు మంటకు ముద్ద దిగదు. సంక కింద తోలు ఊడొస్తాండాది. సాలు. అలిసిపోతి."

ఆమె అలసట నాకు తెలుసు. దాన్ని కాదనడానికి నా దగ్గర ఏముంది? లేడీ డాక్టరు వచ్చి చూసి, సగంలో ఆపితే మొదలుపెట్టనట్టే లెక్క అని తేల్చి చెప్పింది. మొగుడు, "నీ ఇష్టం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు పాపం, కానీ ఆ సమయంలో అంతకంటే పనికిమాలిన మాట ఇంకోటి లేదు.

అప్పుడు అత్త గోడవైపునుంచి ఇటు తిరిగింది. వచ్చి కోడలి ముందు నేలమీద చతికిలబడింది.

"ఇదిగో పాపా, నా మాట ఇను. నన్ను కని మాయమ్మ పురిట్లోనే పోయినాది. దాని మొగం నాకు తెలీదు. పెండ్లి పీటల మీద కూసున్నప్పుడూ, నా కాన్పు నొప్పులప్పుడూ, అమ్మా అని అరిస్తే కండ్ల ముందరికి ఒక్క మొగమూ రాదు. ఈ పొద్దుకూ అద్దంలో సూసుకొని, మాయమ్మ ఇట్లుండునేమో అనుకుంటాండా. నాకు ముసిలితనం వచ్చె, ఇంకా అనుకుంటాండా. నీ బిడ్డకు ఆ గతి పట్టనీకు. నేను చెరిపితి, నేనే నీతో వచ్చి మళ్ళా గీయిస్తా. వైద్యం అయ్యేదంక ఆడే ఉంటా."

"బిడ్డనెవురు సూస్తారు?" అంది కోడలు.

అత్త బిడ్డను తీసి కొడుకు చేతుల్లో పెట్టింది. "ఈడుండాడు కదా."

"నేనా?" అన్నాడతను. ఆ రోజంతటిలో అతను గట్టిగా అన్న మాట అదొక్కటే. లేడీ డాక్టరు నవ్వాపుకోలేక మళ్ళీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

కోడలు పైట సర్దుకుని, "రైలెప్పుడక్కా?" అని నన్నడిగింది.

బెంగుళూరు డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడాలి కాబట్టి లేడీ డాక్టరు నన్నూ వాళ్ళతో పంపింది. నాకు ఇష్టం లేదు. రైల్లో దారిపొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. హిందూపురంలో అత్త బఠాణీలు కొని ముగ్గురికీ పంచింది. నాకు ఆకలి లేదంటే తిట్టి తినిపించింది.

బెంగుళూరు డాక్టరు గీతలు లేని ఛాతీ చూసి కళ్ళెర్రజేశాడు. చెప్పిన మాట వినని రోగుల కోసం మెషీను ఖాళీగా లేదన్నాడు. వరండాలో కూర్చున్న జనాన్ని చూపించి, మాట వినేవాళ్ళు ఇంతమంది కాచుకుని ఉన్నారన్నాడు. నేను రైల్లో కూడబలుక్కున్న ఇంగ్లీషు అంతా గొంతులోనే ఉండిపోయింది. "సారీ సార్" అని మాత్రం అన్నాను, అది కూడా రెండుసార్లు.

అత్త నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. పుట్టింటి భాష అందుకుంది. "తప్పు నందు స్వామి. అవళు చిక్క హుడుగి. అవళ మేలె సిట్టు మాడ్బేడి." తప్పు తనది, చిన్నపిల్ల మీద కోపం చేసుకోవద్దు అని. ఆ తర్వాత తలంటు సంగతి మొదలుకొని ఏమేమి చెప్పిందో నాకు సగమే అర్థమైంది. ఆ డాక్టరు ముందు విసుగ్గా విన్నాడు, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. చివరికి, మీ ఇంట్లో కూడా ఉగాదికి మీ అమ్మ మీకు నూనె పెట్టలేదా అని ఆమె అడిగింది. ఆయన ఊదారంగు సీసా తెమ్మని లోపలికి కేకేశాడు.

అదృష్టం కొద్దీ అప్పటికి కరెంటు తగిలిన మేర చర్మం కొంచెం నల్లబడి ఉంది. ఆ హద్దును పట్టుకుని, తన కాగితాల్లోని కొలతలతో సరిచూసుకుంటూ ఆయనే స్వయంగా గీశాడు. గీస్తున్నంతసేపూ అత్త కోడలి కుడిచెయ్యి పట్టుకుని నిలబడింది. కోడలు మొదటిసారిగా తల వంచి తన ఛాతీ చూసుకుంది. "సొట్టగా ఉండాది" అంది. "గీత సరిగ్గానే ఉండాదిలే" అంది అత్త. నేను మర్నాడు డ్యూటీ అందుకోవాలని వచ్చిన రైలుకే తిరిగి వెళ్ళిపోయాను.

వైద్యం పూర్తయ్యేదాకా అత్త ఆ సత్రం వదల్లేదు. చెమట పట్టి గీతలు చెదురుతాయని కూర్చున్నంతసేపూ విసనకర్రతో విసురుతూనే ఉండేదట. పల్లెలో ఆ మొగుడు బిడ్డను భుజాన వేసుకుని మేకపాలకు తిరుగుతుంటే జనం ఎగతాళి చేశారు. అతను పట్టించుకోలేదు, పట్టించుకున్నా ఎవరికీ చెప్పి ఉండడు.

నయమైపోయిందని నేను చెప్పను. మా ఉద్యోగంలో ఆ మాట వాడటానికి నోరు రాదు. కొన్నేళ్ళు బాగుంది. చేనికి వెళ్ళింది, కాయలు కొట్టింది, బిడ్డను బడిలో వేసింది. నన్ను హిందూపురం బదిలీ చేశారు, అక్కడినుంచి ధర్మవరం. ఏడాదికోసారి వచ్చి చూపించుకునేది. నేను మామూలుగానే కసురుకునేదాన్ని, ఆమె నవ్వేది. ఒక ఏడాది నడుం నొప్పి అంటూ వచ్చింది. వెన్నెముక మీద వేలు పెట్టి నొక్కగానే అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. ఈసారి రైలెప్పుడని అడగలేదు. నొప్పికి మందు మాత్రం ఇమ్మంది, ఇచ్చాను. ఆ తర్వాత రాలేదు. కబురు తెలుసుకుందామని నేనూ ప్రయత్నించలేదు. అన్ని కబుర్లూ తెలుసుకునే ఓపిక అప్పటికి నాకు అయిపోయింది.

చాన్నాళ్ళకు ఒకరోజు ధర్మవరం ఆసుపత్రిలో ఓపీ ముగించి చేతులు తుడుచుకుంటుంటే గుమ్మంలో అత్త కనిపించింది. వంగిపోయింది, గొంతు మాత్రం అదే. వెంట తొమ్మిది పదేళ్ళ పిల్ల. చెవిపోటు అని తీసుకొచ్చింది. కోడలి సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పిల్ల నుదురూ కళ్ళూ అచ్చం తల్లివే, ఆ తల్లి వెంట రాలేదంటే ఇక అడగాల్సిన పని లేకపోయింది.

నేను పిల్లను బల్లమీద కూర్చోబెట్టి చెవి చూశాను. "చెవిలో పుల్లలు పెట్టుకుంటావా? బుద్ధుందా నీకు?" అన్నాను.

పిల్ల జడుసుకోలేదు. నన్ను కాసేపు ఎగాదిగా చూసి, అవ్వవైపు తిరిగి, "అవ్వా, పెనుకొండ నర్సమ్మ ఈమేనా?" అని అడిగింది. అవ్వ అవునంది. పిల్ల మొహం వెలిగింది. బల్లమీదినుంచి కిందికి దూకింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, కనుబొమలు ముడిచి, గొంతు మార్చి, "ఏమ్మా, గీతలు యాడ పోయినాయి? నీకేమన్నా బుద్ధుండాదా?" అంది.

నేను నిలబడే తీరే అది. నా గొంతే అది. "ఎవరు నేర్పించారే నీకు?" అన్నాను.

"మాయమ్మ. ఏడిస్తే ఇట్ల చేసి నవ్విస్తాండె" అంది పిల్ల.